పెరట్లో వేపచెట్టు.. కొట్టాలంటే ఎవర్నడగాలి?

పాత ఇల్లు బిల్డర్‌కి డెవలప్‌మెంట్‌కి ఇచ్చేశారు. అగ్రిమెంట్ అయిపోయింది. ఒక్కటే అడ్డు.. తాతయ్య నాటిన వేపచెట్టు. సరిగ్గా పార్కింగ్ ర్యాంప్ రావాల్సిన చోటే ఉంది. ‘మా స్థలం, మా చెట్టు. అడిగేదెవరు?’ అనుకుంటున్నారా? అడుగుతారు!

ఉమ్మడి రాష్ట్రంలో 2002లో వాల్టా చట్టం వచ్చింది. బోరు వేయించేటప్పుడు ఈ పేరు వినే ఉంటారు. అందులో నీరు, భూమితో పాటు చెట్టు కూడా ఉందన్న సంగతే చాలామందికి తెలీదు. చెట్టు సొంత పెరట్లోదైనా సరే, కొట్టే ముందు అటవీ శాఖ అనుమతి తీసుకోవాల్సిందే. సరుగుడు, యూకలిప్టస్, సుబాబుల్ లాంటి కొన్నింటికి మాత్రం మినహాయింపు.

మరి చిక్కెక్కడ? ఆదివారం తెల్లారకముందే రంపం మోత వినిపిస్తుంది. ఎవరైనా ఫిర్యాదు చేసి, అధికారులు వచ్చేసరికి మొద్దే మిగులుతుంది.

మహారాష్ట్ర నగరాల్లో ఇంకో పద్ధతి ఉంది. అక్కడి 1975 చట్టం ప్రకారం కార్పొరేషన్‌లోనే చెట్ల కోసం ఓ ప్రత్యేక అథారిటీ ఉంటుంది. చెట్టు కొట్టాలని దరఖాస్తు వస్తే, ఆ చెట్టుకే నోటీసు అంటిస్తారు. దారినపోయేవాళ్లు కూడా చదివి అభ్యంతరం చెప్పొచ్చు. 2021 సవరణతో 50 ఏళ్లు దాటినవి వారసత్వ వృక్షాలయ్యాయి. పైగా కొట్టే చెట్టు వయసెంతో అన్ని మొక్కలు నాటాలి. అరవై ఏళ్ల చెట్టుకి అరవై మొక్కలన్నమాట! అక్కడ చెట్లు కొట్టడం ఆగిపోయిందని కాదు. కానీ గుట్టుగా కొట్టడం కష్టం. మన మున్సిపాలిటీలకి కావాల్సింది ముందు ఆ నోటీసే అనిపిస్తుంది.

అలాగని యజమాని బాధ తీసిపారేసేది కాదు. గోడ మీదికి ఒరిగిన చెట్టు కింద గాలివాన రాత్రి ఎవరికి నిద్ర పడుతుంది? అలాంటివాళ్లని ఆఫీసుల చుట్టూ తిప్పితే, చెట్టు చుట్టూ బెరడు ఒలిచేసి ‘దానంతటదే ఎండిపోయింది’ అంటారు. ఆ తర్వాత కొత్త మొక్క నాటడానికీ భయపడతారు. ప్రమాదకరమైన చెట్టుకి రోజుల్లోనే అనుమతి, ర్యాంప్ కోసం కొట్టే చెట్టుకి గట్టి విచారణ.. రెండింటినీ ఒకే గాటన కట్టకూడదు.

కొట్టేసి ఫైన్ కట్టేద్దాంలే అనుకునేవాళ్లు ఒక్కటి గుర్తుంచుకోండి. మథుర దగ్గర ప్రైవేటు స్థలంలో అనుమతి లేకుండా 454 చెట్లు కొట్టేసిన కేసులో, 2025 మార్చిలో సుప్రీంకోర్టు చెట్టుకి లక్ష రూపాయల చొప్పున కట్టమంది.

ఇంతకీ ఆ వేపచెట్టు సంగతంటారా? ప్లాన్ గీయించేటప్పుడే దాన్ని కాగితం మీద గుర్తు పెట్టమనండి. ర్యాంప్ అవతలి పక్కకి జరిగితే, పోయేది బహుశా ఒక్క కారు పార్కింగ్.