మాట వినిపించే పెట్టె

రెండు చిన్న స్పీకర్లు, కాసిని ప్లైవుడ్ ముక్కలు, అరచేతిలో ఇమిడే ఓ బోర్డు, మూలన పడేసిన లాప్‌టాప్ చార్జరు.. ఇవి చాలు. ఇంట్లో పెద్దవాళ్లకు టీవీలో మాటలు స్పష్టంగా వినిపిస్తాయి. పిల్లలకు బడిలో చదివిన భౌతికశాస్త్రం చేతికి తగులుతుంది.

రాత్రి ఎనిమిదిన్నర. సీరియల్ మంచి రసపట్టులో ఉంది. కోడలు అసలు నిజం చెప్పేస్తోంది. వెనక వయొలిన్లు హోరెత్తుతున్నాయి. మంచం మీద కూర్చున్న అవ్వ మనవడి వైపు తిరిగింది.

‘ఏమి చెప్తా ఉండాది నాయనా ఆ పిల్ల?’

మనవడు రిమోటు తీసుకుని సౌండు పెంచాడు. వయొలిన్లు పెరిగాయి. మాట మాత్రం అక్కడే ఉంది. ఇంకాస్త పెంచాడు. వంటింట్లోంచి అమ్మ కేకేసింది. అవ్వ ఇంకేమీ అడగలేదు. బొమ్మలు చూస్తూ కూర్చుంది.

తిరుపతిలోనైనా, చిత్తూరులోనైనా ఇది ఇంటింటి కథే. అవ్వకు చెవుడు వచ్చిందని అందరూ తేల్చేస్తారు. నిజంగానే వినికిడి తగ్గి ఉండొచ్చు, డాక్టరుకు చూపించాల్సిందే. కానీ తప్పు టీవీది కూడా!

సన్న టీవీ.. సన్న గొంతు

పాతకాలపు పిక్చర్‌ట్యూబ్ టీవీ పెట్టెంత ఉండేది. స్పీకరుకు అందులో బోలెడంత చోటు. చాలా సెట్లలో అది చూసేవాళ్ల వైపే తిరిగి ఉండేది. ఇప్పటి టీవీ మందం చూస్తే పలకే గుర్తొస్తుంది. అందులో ఇరికించిన బుల్లి స్పీకర్లు చాలావాటిలో కిందికో, వెనక్కో చూస్తుంటాయి. శబ్దం గోడకు తగిలి, తిరిగొచ్చి మన చెవిన పడుతుంది. రేణిగుంట విమానాశ్రయం చుట్టుపక్కల వెలసిన ఎలక్ట్రానిక్స్ పార్కుల్లోనే టీవీలు తయారవుతున్నాయి. ఎక్కడ తయారైనా సన్నటి చట్రంలో గాలికి చోటుండదు. గాలికి చోటు లేనిచోట గొంతుకు నిండుదనం రాదు.

మాట అర్థం కావాలంటే అచ్చులకన్నా హల్లులు ముఖ్యం. ‘కత్తి’ అన్నాడా, ‘పత్తి’ అన్నాడా? తేడా అంతా మొదటి అక్షరంలోని చిన్న చప్పుడులోనే ఉంది. ఇలాంటి చప్పుళ్ల బలం ఎక్కువగా 2,000 హెర్ట్జ్‌కు పైన ఉంటుంది. వయసు పైబడేకొద్దీ చెవి ముందుగా పోగొట్టుకునేదీ ఆ పై శబ్దాలనే. అసలే చెవి మందగించింది, పైగా టీవీ గోడతో మాట్లాడుతోంది. ఇక అవ్వకేం వినిపిస్తుంది?

చింతచెట్టు మీది మైకు

చిత్తూరు పల్లెలకు ఈ సంగతి ఎప్పుడో తెలుసు. ఇక్కడి ఊళ్లలో మహాభారత యజ్ఞం జరుగుతుంది. 18 రోజులపాటు పగలు హరికథ, రాత్రి వీధినాటకం. ధర్మరాజుల గుడి దగ్గర భాగవతార్ కథ చెబుతుంటే, చెట్టుకు కట్టిన మైకుసెట్టు హారను దాన్ని పొలాల దాకా మోసుకెళ్తుంది. హారనులో గంభీరమైన మోత ఉండదు. మృదంగం డబ్బా కొట్టినట్టుంటుంది. అయినా కలుపు తీసేవాళ్లకు సైతం ఒక్క ముక్క పోకుండా కథ అర్థమవుతుంది. కారణం ఒక్కటే, మాట ఉండేది మధ్యస్థాయి శబ్దాల్లో. హారను ఆ మధ్యనే పట్టుకుంటుంది.

తర్వాత ‘అసెంబుల్డ్ సెట్ల’ కాలం వచ్చింది. 1980లు, 90ల్లో ఊరికొక మెకానిక్ ఉండేవాడు. ‘4440’ ఐసీ బోర్డు, ట్రాన్స్‌ఫార్మరు, రేకు డబ్బా.. ఆంప్లిఫయరు సిద్ధం. స్పీకరును మట్టికుండ మూతి మీద బోర్లించి గది మూలన పెట్టేవారు. నాలుగంగుళాల స్పీకరు నుంచి అంత నిండైన పాట ఎలా వస్తోందని చూసినవాళ్లు ఆశ్చర్యపోయేవారు. ఆ కుండలో మంత్రమేమీ లేదు. ఉన్నదంతా గాలే.

ఒకటే కోన్.. ఒకటే గొంతు

అయస్కాంతం మధ్యలో తీగచుట్ట, దానికి అతికించిన కాగితపు కోన్. జనరల్ ఎలక్ట్రిక్ ఇంజినీర్లు చెస్టర్ రైస్, ఎడ్వర్డ్ కెలాగ్ 1925లో ఈ రకం స్పీకరును లోకానికి వివరించారు. వందేళ్లు గడిచినా మూలసూత్రం మారలేదు.

పెద్ద సెట్లలో మోతకు వూఫర్, కిచకిచలకు ట్వీటర్ వేర్వేరుగా ఉంటాయి. రెండింటికీ శబ్దాన్ని పంచిపెట్టేది క్రాసోవర్. చాలా రెండు స్పీకర్ల పెట్టెల్లో ఆ పంపకం జరిగేది 2,000-3,000 హెర్ట్జ్ దగ్గర. అంటే మన చెవి చురుగ్గా వినే చోటే! నిపుణులు చేసిన పెట్టెలో ఆ అతుకు తెలియదు. ఇంట్లో చేసుకునేవాళ్లకు అదే పెద్ద చిక్కు. ఫుల్‌రేంజ్ స్పీకరులో ఆ గొడవే లేదు. మూడు, నాలుగంగుళాల ఒక్క కోనే దాదాపు అన్ని స్థాయిల శబ్దాలనూ పలుకుతుంది. మనిషి గొంతు మొత్తం ఒకేచోటు నుంచి వస్తుంది. ఆంప్లిఫయరు కూడా తనతోపాటే ఉంటే దాన్ని ‘యాక్టివ్’ స్పీకరంటారు. కరెంటు ఇచ్చి, టీవీకో ఫోనుకో తగిలిస్తే చాలు.

చిన్న స్పీకర్లను తక్కువగా చూడక్కర్లేదు. తండ్రి బెంగాల్ నుంచి వలసవెళ్లగా ఫిలడెల్ఫియాలో పుట్టిన అమర్ బోస్, రెండో ప్రపంచయుద్ధకాలంలో కుర్రాడిగా ఉండగానే రేడియోలు బాగుచేసి ఇంటికి ఆసరా అయ్యాడు. 1956లో ఎంఐటీలో ఉండగా కొనుక్కున్న స్టీరియో నచ్చక శబ్దశాస్త్రంలోకి దిగాడు. 1968లో ఆయన సంస్థ తెచ్చిన ‘901’ మోడల్‌లో ఉన్నవి తొమ్మిది చిన్న ఫుల్‌రేంజ్ స్పీకర్లే. వూఫర్ లేదు, ట్వీటర్ లేదు.

అట్టముక్క చెప్పే పాఠం

పెట్టె ఎందుకో పిల్లలకు చూపించాలంటే ఒక చిన్న ప్రయోగం. స్పీకరును ఊరికే చేత్తో పట్టుకుని పాట పెట్టండి. పీలగా ఉంటుంది. ఇప్పుడు పెద్ద అట్టపెట్టె ముక్కకు గుండ్రంగా రంధ్రం కోసి, స్పీకరును దానికి గట్టిగా ఆనించండి. ఒక్కసారిగా పాటకు ఒళ్లొస్తుంది!

కోన్ ముందుకు కదిలినప్పుడు ముందున్న గాలి ఒత్తుకుంటుంది, వెనకున్న గాలి పలచబడుతుంది. రెండూ చుట్టూ తిరిగి కలిసిపోతే ఒకదాన్నొకటి చెరిపేస్తాయి. ముఖ్యంగా కింది స్థాయి శబ్దాలు. ఆ రెండు గాలులనూ విడదీసే గోడే పెట్టె. ఏ స్పీకరుకు ఎంత పెట్టె కావాలో లెక్కగట్టే పద్ధతిని ఆస్ట్రేలియాలో నెవిల్ థీల్, రిచర్డ్ స్మాల్ 1960, 70ల్లో స్థిరపరిచారు. మంచి స్పీకరు కొంటే వెంట వచ్చే కాగితంలో ఉండే అంకెలు వాళ్ల చలవే.

నాలుగు లీటర్ల పెట్టె

నాలుగంగుళాల ఫుల్‌రేంజ్ స్పీకర్లలో చాలావాటికి నాలుగు లీటర్ల పెట్టె సరిపోతుంది. 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ తీసుకోండి. ఒక్కో పెట్టెకు ముందు, వెనక పలకలు 16.4 × 24.4 సెం.మీ. రెండు. పక్కలకు 24.4 × 13 రెండు. పైకి, కిందికి 14 × 13 రెండు. బిగించాక లోపలి కొలత 14 × 22 × 13.. సరిగ్గా నాలుగు లీటర్లు! రెండు పెట్టెలకూ కలిపి నాలుగైదు చదరపు అడుగులకు మించదు. వడ్రంగి దగ్గర మిగిలిన తునకలతోనే పనైపోతుంది. కోత కూడా ఆయనతోనే వేయించుకుంటే అంచులు తిన్నగా వస్తాయి.

ముందుపలకలో స్పీకరుకు తగ్గ రంధ్రం కోయించండి. అన్ని అతుకులకూ ఫెవికాల్ రాసి స్క్రూలు బిగించండి. సందులుంటే రంపపుపొట్టు, జిగురు కలిపి పూడ్చండి. స్పీకరు అంచుకూ చెక్కకూ మధ్య పాత సైకిల్ ట్యూబు ముక్క వేస్తే గాలి పోదు. లోపల దిండులో వాడే దూదిని వదులుగా పరచండి. పెట్టె బిగిశాక కోన్‌ను నాలుగు వేళ్లతో సుతారంగా లోపలికి నొక్కి వదలండి. మెల్లగా వెనక్కొస్తే గాలి లీకు లేనట్టే. టక్కున వచ్చేస్తే ఎక్కడో సందుంది.

కొంత మోత కావాలనుకునేవారు వెనకపలకకు లోపలి వ్యాసం 3 సెం.మీ. ఉన్న పీవీసీ పైపు ముక్కను 6 సెం.మీ. పొడవున పెట్టొచ్చు. ఖాళీ సీసా మూతి మీద ఊదితే ‘హూ’మన్నట్టు, ఆ పైపు 80 హెర్ట్జ్ దగ్గర గాలిని పలికిస్తుంది. అయితే అన్ని స్పీకర్లకూ పైపు పడదు. స్పీకరు కాగితంలో ‘క్యూటీఎస్’ అంకె 0.4 లోపుంటే పైపు పెట్టె, 0.5 దాటితే మూసిన పెట్టె అన్నది మోటు లెక్క. మొదటిసారి చేసేవాళ్లకు మూసిన పెట్టే మేలు.

ప్రాణం పోసే బోర్డు

పాత ఆంప్లిఫయరు సగం తిప్పిన కుళాయి లాంటిది. కరెంటులో చాలా భాగం వేడిగా పోతుంది. అందుకే దానికి అంత అల్యూమినియం రేకు. ఇప్పటి ‘క్లాస్ డి’ బోర్డు సెకనుకు లక్షలసార్లు పూర్తిగా తెరుచుకుని, పూర్తిగా మూసుకుంటుంది. కరెంటులో 90 శాతం దాకా స్పీకరుకే చేరుతుంది. ‘టీపీఏ3116’ ఐసీ ఉన్న బోర్డు 19 వోల్టుల లాప్‌టాప్ చార్జరుతో చక్కగా పనిచేస్తుంది. 8 ఓమ్‌ల స్పీకర్లకు ఒక్కోదానికి 20 వాట్ల దాకా ఇవ్వగలదు. ఇంట్లో టీవీ వినడానికి అందులో నాలుగోవంతు కూడా అక్కర్లేదు. బోర్డును ఒక పెట్టె వెనక చిన్న ప్లాస్టిక్ డబ్బాలో బిగించి, రెండో పెట్టెకు తీగ లాగితే సరి.

బోర్డులు, స్పీకర్లు రేడియో, టీవీ విడిభాగాల దుకాణాల్లో దొరుకుతాయి. లేదంటే తిరుపతివాళ్లకు చెన్నై రిచీ స్ట్రీట్, పలమనేరు, కుప్పం వాళ్లకు బెంగళూరు ఎస్పీ రోడ్డు ఉండనే ఉన్నాయి.

ఇవి మరవొద్దు

* 230 వోల్టుల కరెంటు పెట్టెలోకి రానివ్వొద్దు. చార్జరు బయటే ఉండాలి.
* చార్జరు ప్లస్, మైనస్‌లు మల్టీమీటరుతో చూశాకే బోర్డుకు కలపాలి. తిరగబడితే బోర్డు కాలిపోతుంది.
* పాత 4440 బోర్డుకు 12 వోల్టులే ఇవ్వాలి. లాప్‌టాప్ చార్జరు పెట్టకూడదు.
* క్లాస్ డి బోర్డులో రెండు స్పీకర్ల మైనస్ తీగలను ఒకదానితో ఒకటి కలపకూడదు.
* స్పీకరు ప్లస్ ఎటో తెలియకపోతే 1.5 వోల్టుల బ్యాటరీని క్షణంపాటు తాకించండి. కోన్ బయటికి వస్తే, బ్యాటరీ ప్లస్ తాకినదే స్పీకరు ప్లస్. ఒక స్పీకరు తిరగబడితే మోత తగ్గిపోతుంది, గొంతు మధ్యలో నిలవదు.
* టీవీకి తీగతో కలపడమే మంచిది. బ్లూటూత్‌తో కొన్నిసార్లు పెదవులు ముందు, మాట వెనక అవుతుంది. హెడ్‌ఫోన్ రంధ్రం లేని టీవీలో ఆప్టికల్ సాకెట్ ఉంటే చిన్న కన్వర్టరు పెట్టుకోవాలి.

పలమనేరు మట్టి

పెట్టె చెక్కదే కానక్కర్లేదు. మన దగ్గరే పలమనేరు టెర్రకోటకు పేరు. కాల్చిన మట్టి గట్టిది, అంత తేలిగ్గా అదరదు. కుండ లోపల ఎదురెదురు గోడలుండవు కాబట్టి శబ్దం రెండు గోడల మధ్య చిక్కుకుని గుయ్‌మనడం తక్కువ. పాతకాలం మెకానిక్కులు ఈ లెక్కలేవీ వేయలేదు, చెవితోనే కనిపెట్టారు. కుండ ఎన్ని లీటర్లో తెలియాలంటే నీళ్లు పోసి కొలవడమే! కాల్చిన కుండకు రంధ్రం కోయబోతే పగిలిపోవచ్చు. స్పీకరును కుమ్మరి దగ్గరికే తీసుకెళ్లి, మూతిని దానికి తగ్గట్టు చేయించుకోవడం మంచిది. మట్టి ఆరి, కాలేసరికి కాస్త కుంచించుకుపోతుంది. ఎంత వదలాలో కుమ్మరికి తెలుసు.

చేయలేనివీ ఉన్నాయి

ఈ పెట్టె గంగమ్మ జాతర డీజే కాదు. సినిమాలో బాంబు పేలితే గుండె అదరదు. గట్టిగా పెడితే కోన్ గిలగిల్లాడుతుంది. పక్కకు జరిగి కూర్చుంటే పై శబ్దాలు కొంత తగ్గుతాయి. అందుకే పెట్టెను కూర్చున్నవాళ్ల చెవి ఎత్తులో, వాళ్ల వైపే తిప్పి పెట్టాలి. గోడకు జానెడు దూరంలో ఉంటే గొంతు కాస్త నిండుగా వస్తుంది.

ఇంకో లాభముంది. బజారులో కొన్న బ్లూటూత్ డబ్బా నాలుగేళ్లకు బ్యాటరీ పోయి మూలన పడుతుంది. అతికించిన డబ్బాను విప్పడం కష్టం. ఈ పెట్టెకు స్క్రూలున్నాయి. బోర్డు పోతే బోర్డు, కోన్ చిరిగితే స్పీకరు మార్చుకోవచ్చు. దాన్ని చేసిన పిల్లవాడికి లోపల ఏముందో తెలుసు. ఊరి మెకానిక్‌తోపాటే కనుమరుగైపోతున్న విద్య ఇలా ఒక ఆదివారం మధ్యాహ్నం ఇంట్లోకి తిరిగొస్తుంది.

పెట్టె బాగా కుదిరిందో లేదో చూడటానికి పేలుళ్ల పాటలు వద్దు. ఆకాశవాణి వార్తలు పెట్టండి. లేదా 1963లో రికార్డుగా వచ్చిన ఎమ్మెస్ సుబ్బులక్ష్మి సుప్రభాతం పెట్టండి. తిరుపతి ఇళ్లలో తెల్లవారేది ఆ గొంతుతోనే. ఒక్కో అక్షరం విడివిడిగా, గొంతు గదిలోనే ఉన్నట్టు వినిపిస్తే పని ఫలించినట్టే.

అసలు పరీక్ష మాత్రం రాత్రి ఎనిమిదిన్నరకు. సీరియల్ అయిపోయేదాకా అవ్వ ఎవరినీ ఏమీ అడగకపోతే, అయిపోయాక కోడలిదే తప్పని వాదనకు దిగితే.. పెట్టె పాసైనట్టు!