తాలు పోగా మిగిలిన నాలుగు పుస్తకాలు

‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ పేరు వినే ఉంటారు. 1974లో అమెరికాలో పుట్టిన ఆట. ఒకరు కథ నడిపిస్తారు, మిగతావాళ్లు అందులో పాత్రలవుతారు. కత్తి దెబ్బ తగిలిందా లేదా అన్నది ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది.

2000 ఆగస్టులో మూడో ఎడిషన్ తెచ్చినప్పుడు విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్ కంపెనీ ఒక విచిత్రమైన పని చేసింది. ఆట మూల నియమాలతో ఎవరైనా పుస్తకాలు వేసి అమ్ముకోవచ్చు, మాకు రాయల్టీ అక్కర్లేదు అంటూ ‘ఓపెన్ గేమ్ లైసెన్స్’ ఇచ్చేసింది. ఇంకేముంది! చిన్నాపెద్దా కంపెనీల పుస్తకాలు షాపుల్ని ముంచెత్తాయి. వాటిలో తాలే ఎక్కువ. గట్టి గింజల్లో నాకు ఇష్టమైనవి ఇవీ:

డెత్ ఇన్ ఫ్రీపోర్ట్ (2000): గ్రీన్ రోనిన్ వాళ్లది. మూడో ఎడిషన్ ‘ప్లేయర్స్ హ్యాండ్‌బుక్’ జెన్‌కాన్ వేడుకలో విడుదలైన రోజే ఇదీ వచ్చేసింది. సముద్రపు దొంగల ఊరు, కనిపించకుండా పోయిన లైబ్రేరియన్, తెర వెనక ఓ రహస్య ముఠా. సన్నటి పుస్తకమే అయినా ఊరంతా కళ్లకు కడుతుంది.

ది బుక్ ఆఫ్ ఎల్డ్రిచ్ మైట్ (2001): మూడో ఎడిషన్ రూపకర్తల్లో ఒకరైన మాంటే కుక్ సొంతంగా తెచ్చిన మంత్రాల పుస్తకం. ముందు పీడీఎఫ్‌గా ఇంటర్నెట్‌లో అమ్మారు. డౌన్‌లోడ్‌కి డబ్బులెవరిస్తారు అనుకునే రోజులవి!

టోమ్ ఆఫ్ హారర్స్ (2002): పాత ఎడిషన్లలో ఉండి, కొత్తదాంట్లో చోటు దొరకని భూతాలనూ వింత జంతువులనూ నెక్రోమాన్సర్ గేమ్స్ అనుమతి తీసుకుని మరీ వెనక్కి తెచ్చింది. పాత ఆటగాళ్లకు పాత స్నేహితుల్ని కలిసినట్టే.

మిడ్‌నైట్ (2003): నాలుగింట్లో నా మొదటి ఓటు దీనికే. చెడ్డ దేవుడు యుద్ధం గెలిచేశాడు. ఆ తర్వాత బతకడమెలా? మామూలు జనం కత్తి పట్టినా, మంత్రం చదివినా నేరమే. ఇక్కడ వీరులు రాజ్యాల్ని గెలవరు, ఓ పల్లెని ఇంకో రాత్రి కాపాడతారు. అంతే.

2003 జులైలో 3.5 ఎడిషన్ రావడంతో కథ అడ్డం తిరిగింది. నియమాలు మారాయి, షాపుల్లో పేరుకున్న పాత సరుకు కదల్లేదు. చాలా కంపెనీలు మూతపడ్డాయి. అయితే నేను గమనించిందేంటంటే, కేవలం నియమాలు నింపిన పుస్తకాలకే ఒక్క రోజులో కాలం చెల్లింది. ఊరునీ కథనీ ఇచ్చినవి నిలిచాయి. ఫ్రీపోర్ట్‌ని తర్వాత వేరే ఆటల నియమాలకూ మలిచారు.

ఆ లైసెన్స్ చలవతోనే 2009లో పాయిజో కంపెనీ ‘పాత్‌ఫైండర్’ తెచ్చింది. 2023 జనవరిలో విజార్డ్స్ దాన్ని మార్చబోతే ఆటగాళ్లు భగ్గుమన్నారు. కంపెనీ వెనక్కి తగ్గి, ఐదో ఎడిషన్ మూల నియమాలను క్రియేటివ్ కామన్స్ కిందికి తెచ్చింది. ఇక వాటిని వెనక్కి తీసుకోవడం కుదరదు.

అమెరికాలో ఉన్న మనవాళ్లకో మాట. పాత పుస్తకాల షాపులో ‘మిడ్‌నైట్’ కనిపిస్తే వదలకండి. ఆట రాకపోయినా చదువుకోవచ్చు.