కొబ్బరినీళ్లూ, కణం తలుపులూ

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో బోండానికి కొదవ లేదు. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో ఏ తోటకు వెళ్లినా చుట్టానికి బోండం కొట్టి చేతికిస్తారు. అదే నేలమీద కిడ్నీ జబ్బుతో డయాలసిస్ చేయించుకునేవాళ్లకు వైద్యులు వద్దనేవాటిలో కొబ్బరినీళ్లు ఒకటి. ఎండకు సొమ్మసిల్లినవాణ్ణి తేరుకునేలా చేసే ఆ నీళ్లే వీళ్లకు ప్రమాదం ఎందుకయ్యాయి? వాటిలో దండిగా ఉన్న పొటాషియం వల్ల. ఆ పొటాషియం కథంతా కణం చుట్టూ ఉన్న పొరలోనే నడుస్తుంది.

ఈ పొరనే కణత్వచం అంటాం. మిల్లీమీటరును లక్ష ముక్కలు చేస్తే వచ్చే ఒక ముక్కంత మందం కూడా ఉండదు. కొవ్వు అణువులు రెండు వరుసలుగా సర్దుకుంటే ఏర్పడిన పొర ఇది. ఆక్సిజన్, కార్బన్ డయాక్సైడ్ దీనిలోంచి నేరుగా వెళ్లిపోతాయి. ఎక్కువ ఉన్న చోటినుంచి తక్కువ ఉన్న చోటికి సాగే ఈ కదలికే విసరణ. దీనికి కణం శక్తి ఖర్చు పెట్టనక్కర్లేదు. విద్యుదావేశం ఉన్న సోడియం, పొటాషియం అయాన్లను మాత్రం కొవ్వు రానివ్వదు. వాటికి ప్రోటీన్లతో కట్టిన తలుపులు కావాలి.

ఆ తలుపుల నేర్పు అబ్బురం. పొటాషియం తలుపులోంచి దానికన్నా చిన్నదైన సోడియం దూరలేదు! ఆ తలుపు నిర్మాణాన్ని తేల్చిన రోడరిక్ మెకిన్నన్‌కు, నీటి తలుపు ఆక్వాపోరిన్‌ను కనిపెట్టిన పీటర్ ఆగ్రేకు 2003 రసాయనశాస్త్ర నోబెల్ దక్కింది. తలుపులతోపాటు పంపులూ ఉన్నాయి. 1957లో యెన్స్ స్కూ గుర్తించిన పంపు మూడు సోడియం అయాన్లను బయటికి తోసి, రెండు పొటాషియం అయాన్లను లోపలికి లాగుతుంది. ఏరు ఎత్తుకు పారదు, తోడిపోయాల్సిందే. అందుకే ఈ పంపుకు నిరంతరం శక్తి కావాలి. దీన్నే సక్రియ రవాణా అంటారు.

ఈ పంపు వల్లే కణం లోపలి పొటాషియం బయటికన్నా ముప్పై రెట్లకు పైగా ఉంటుంది. ఆ తేడా ఆధారంగానే గుండె లయ తప్పకుండా కొట్టుకుంటుంది. రక్తంలో పొటాషియం బాగా పెరిగితే గుండె ఆగిపోవచ్చు. కాబట్టి మిగులును బయటికి పంపాలి. ఆ పని ప్రధానంగా కిడ్నీలది. అవి రోజుకు సుమారు 180 లీటర్ల ద్రవాన్ని వడగట్టి, సన్నని నాళికల్లో దాదాపు అంతా తిరిగి రక్తానికి అప్పజెబుతాయి. మూత్రంగా పోయేది లీటరున్నర. చక్కెరను వెనక్కి లాగడం, అదనపు పొటాషియాన్ని మూత్రంలోకి వదలడం ఆ నాళికల కణత్వచాల పని. ఉద్దానాన్ని పీడిస్తున్న కిడ్నీ జబ్బులో ప్రధానంగా దెబ్బతినేది ఈ నాళికలూ, వాటి చుట్టూ ఉన్న కణజాలమూ.

డయాలసిస్ యంత్రంలోనూ పొర ఉంది. వెంట్రుకల్లాంటి వేల గొట్టాల్లో రక్తం, వాటి బయట పొటాషియం తక్కువగా ఉన్న ద్రవం పారతాయి. యూరియా, పొటాషియం విసరణతో ద్రవంలోకి జారుతాయి. కానీ ఆ పొరకు పంపుల్లేవు, అయాన్‌ను బట్టి తెరుచుకునే తలుపుల్లేవు. పైగా ఒంట్లోని పొటాషియంలో ఎక్కువ భాగం కణాల్లోనే ఉంటుంది, యంత్రానికి అందేది రక్తంలోనిదే. రేయింబవళ్లు జరగాల్సిన పనిని వారానికి రెండు మూడుసార్లు, నాలుగేసి గంటల్లో ముగించాలి. మధ్యలో తాగిన బోండం లెక్క తేల్చేవారు ఉండరు.

ఉద్దానం కిడ్నీ రోగుల కోసం 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆస్పత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం మొదలయ్యాయి. ఈ జబ్బుకు ఖాయమైన కారణం మాత్రం ఇంకా తేలలేదు. మొదట్లో నొప్పి ఉండదు, తెలిసేసరికి నాళికలు చాలావరకు పోయుంటాయి. అందుకే ఉద్దానం వాసులు ఒంట్లో బాగున్నప్పుడే కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ రక్తపరీక్ష చేయించుకోవాలి. పోయిన తలుపులను ఏ యంత్రమూ తిరిగి బిగించలేదు. ఉన్నవాటిని కాపాడుకుంటేనే, సొంత తోటలో కాసిన బోండాన్ని భయం లేకుండా తాగగలం.