టీషర్టుపై బొమ్మ ఉతికినా నిలవాలంటే: ముందు బట్ట, తర్వాత ఇంకు, ఆఖరున కాగితం

కొన్న రోజున టీషర్టుపై బొమ్మ మెరిసిపోతుంటుంది. నాలుగు ఉతుకులు పడేసరికి రంగు వెలిసిపోతుంది, లేదా పొరలుగా లేచిపోతుంది. మిషన్ మంచిది కాదని చాలామంది అనుకుంటారు. కానీ ఎక్కువసార్లు అసలు కారణం బట్ట, ఇంకు, కాగితం ఒకదానికొకటి సరిపడకపోవడమే.

అండమాన్‌లోని హోప్ టౌన్ లాంటి చోట ఈ పొరపాటు ఖరీదు మరింత ఎక్కువ. 1872లో వైస్రాయ్ లార్డ్ మేయో హత్యతో చరిత్రకెక్కిన ఈ ఊరు, శ్రీ విజయపురానికి (పోర్ట్ బ్లెయిర్) సముద్రపు పాయ ఆవలి ఒడ్డున ఉంది. 2011 లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్ దీవుల్లో సుమారు 13 శాతం మంది మాతృభాష తెలుగు. పర్యాటకులు కొనే టీషర్టులు, క్రికెట్ జట్ల జెర్సీలు ముద్రించే పనిని ఒక ప్రింటర్, ఒక హీట్ ప్రెస్‌తో ఇంట్లోనే మొదలుపెట్టవచ్చు. అయితే ఇంకు, కాగితం మెయిన్‌ల్యాండ్ నుంచి ఓడలోనో విమానంలోనో రావాలి. తప్పు సరుకు వస్తే మార్చుకోవడం తేలిక కాదు.

పెడన చెప్పే పాఠం

రంగు బట్టను పట్టుకోవాలంటే రెండింటికీ పొత్తు కుదరాలి. ఇది పెడన కలంకారీ అద్దకం పనివాళ్లకు తరతరాలుగా తెలిసిన విషయమే. నూలు బట్టను కరక్కాయ నీళ్లలో తడిపి, పటిక అద్ది, ఆ తర్వాత రంగులో ఉడికిస్తారు. పటిక పడిన చోటే ఎరుపు నిలుస్తుంది. ఇప్పటి మిషన్లకూ ఇదే సూత్రం వర్తిస్తుంది.

పాలిస్టర్ అయితే సబ్లిమేషన్

జెర్సీల బట్ట సాధారణంగా పాలిస్టర్. దానికి సబ్లిమేషన్ ఇంకు సరైనది. సుమారు 190-200 డిగ్రీల సెల్సియస్ వేడికి ఈ రంగు నేరుగా ఆవిరై దారం లోపలికి వెళ్తుంది. పైన పొర ఉండదు కాబట్టి లేచిపోయే ప్రశ్నే లేదు.

దీనికి రెండు పరిమితులున్నాయి. కాటన్‌ను ఈ రంగు పట్టుకోదు, ఉతికితే పోతుంది. పైగా ఇందులో తెల్ల ఇంకు ఉండదు కాబట్టి తెల్లని, లేత రంగు బట్టలకే పనికొస్తుంది. కాగితం కూడా సబ్లిమేషన్ కోసం పూత వేసినదే కావాలి. మామూలు కాగితం రంగును చాలావరకు తనలోనే దాచుకుంటుంది, బట్టపై బొమ్మ పాలిపోతుంది.

కాటన్ అయితే?

కాటన్‌కు ఇంక్‌జెట్ ట్రాన్స్‌ఫర్ పేపర్ చౌకైన మార్గం. ఇక్కడ రంగుతో పాటు పలుచని ప్లాస్టిక్ పొర కూడా బట్టపైకి ఎక్కుతుంది. నీళ్లలో కరిగే డై ఇంకు కన్నా పిగ్మెంట్ ఇంకు ఉతుకులకు బాగా ఆగుతుంది.

లేత రంగు బట్టల కాగితంపై బొమ్మను అద్దంలో కనిపించినట్టు తిరగేసి ముద్రించాలి. ముదురు రంగు బట్టల కాగితానికి తెల్లని పొర ఉంటుంది, దానిపై మామూలుగానే ముద్రించాలి. ఇంక్‌జెట్ కాగితాన్ని లేజర్ ప్రింటర్‌లో పెట్టకూడదు. లోపలి వేడికి పూత కరిగి మిషన్ పాడయ్యే ప్రమాదం ఉంది.

డీటీఎఫ్ ఎవరికి?

నల్ల కాటన్‌పై కూడా రంగులు బాగా రావాలంటే డీటీఎఫ్ మేలు. ఫిల్మ్‌పై రంగులు, వాటిపై తెల్ల ఇంకు ముద్రించి, జిగురు పొడి చల్లి కరిగించి, బట్టపై ప్రెస్ చేస్తారు. అయితే తెల్ల ఇంకులోని టైటానియం డయాక్సైడ్ అడుగుకు పేరుకుంటుంది. మిషన్ ఖాళీగా ఉంటే హెడ్ మూసుకుపోతుంది. రోజూ ఆర్డర్లు లేనివారు మిషన్ కొనకుండా, ముద్రించిన ఫిల్మ్ తెప్పించుకుని ప్రెస్ మాత్రమే చేసుకోవడం నయం.

తేమతో జాగ్రత్త

దీవుల గాలిలో తేమ ఎక్కువ. పొడి గాలికి అలవాటైన కాగితం ఇక్కడ మెలితిరుగుతుంది, ఇంకు ఆలస్యంగా ఆరుతుంది, డీటీఎఫ్ పొడి అక్కర్లేని చోట అంటుకుంటుంది. కాగితాన్ని, పొడిని గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో దాచాలి. కాటన్ పాలిస్టర్ కన్నా ఎన్నో రెట్లు తేమ పీలుస్తుంది. అందుకే బొమ్మ పెట్టే ముందు బట్టను ఖాళీగా ఐదారు సెకన్లు ప్రెస్ చేసి తేమ పోగొట్టాలి.

పెద్ద ఆర్డర్‌కు ముందు

కాగితం ప్యాకెట్ మీద రాసిన వేడి, సమయం పాటించి ముందు ఒక్క టీషర్టే వేసి చూడాలి. ఒక రోజు ఆగి, తిరగేసి, చన్నీళ్లలో అయిదు సార్లు ఉతకాలి. ఉతకని టీషర్టు పక్కన పెట్టి పోల్చాలి. తేడా కనిపిస్తే నష్టం ఒక్క టీషర్టుతో పోతుంది. ఆ పరీక్ష చేయకుండా వంద ముక్కల ఆర్డర్ ఒప్పుకుంటే వందా తిరిగి రావచ్చు.