తలవరి, కొత్వాలు, బీటు : నగరరక్షణ పదముల చరిత్ర

ప్రాచీన కావ్యములను బోధించునపుడు 'తలవరి', 'ఆరెకుడు' అను పదములకు 'పోలీసు' అని అర్థము చెప్పి ముందునకు సాగుట మనకు పరిపాటి. తరగతి సౌకర్యమునకు ఈ అర్థము చాలును గాని చరిత్రకు చాలదు. తలవరి దేనికి బాధ్యుడో, బీటు కానిస్టేబులు దేనికి బాధ్యుడో విచారించినచో ఈ పదముల నడుమ గల అంతరము తేటపడును. తెలుగునాటి మహానగరమగు హైదరాబాదును ప్రధానముగను, గోదావరి డెల్టాలోని ఉండి వంటి గ్రామములను పోలిక కొఱకును గ్రహించి, ఆ అంతరమును నిరూపించుట ఈ వ్యాసమున కుద్దేశము.

తలవరి శబ్దము మిక్కిలి ప్రాచీనము. క్రీ.శ. 3వ శతాబ్ది నాటి నాగార్జునకొండ ఇక్ష్వాకు శాసనములలో 'మహాతలవర' బిరుదము కన్పట్టుచున్నది. దానిని ధరించినవారిలో రాజవంశముతో వియ్యమందిన ఉన్నతాధికారులు కలరు. తలారి, తలయారి అను రూపములు దీనికి సంబంధించినవేయని పలువురు పండితుల అభిప్రాయము. కాలక్రమమున ఈ పదము స్థాయి తగ్గి, అర్థము రెండు పాయలైనది. ఊరి కావలివానికి తలయారి యను పేరు నిలిచెను. తలారి యన్నచో నేడు పెక్కుమందికి ఉరితీయువాడే స్ఫురించును.

ఊరి తలయారి విధులను 1812లో బ్రిటిషు పార్లమెంటునకు సమర్పింపబడిన ఐదవ నివేదిక స్పష్టముగ పేర్కొన్నది. నేరముల జాడ తీయుట, ఒక యూరినుండి మఱియొక యూరికి పోవు బాటసారులకు తోడుపోవుట తలయారి పని. పైరులకు కావలియుండుట, కొలతలకు సాయపడుట అతని తోడి సేవకుని పని. 1816 నాటి మద్రాసు 11వ రెగ్యులేషను ఈ గ్రామరక్షణను గ్రామాధికారి క్రిందనే నిలిపెను. తలయారికి ప్రతిఫలము మాన్యముగనో, కళ్ళమున కొలిచియిచ్చు మేరగనో లభించెడిది. ఉండి వంటి వరిపొలముల సీమలో ఈ మేరకు గల విలువ చెప్పనక్కఱలేదు. కావలి తప్పి సొత్తు పోయినచో కావలివాడే దానిని రాబట్టవలెననియు, లేనిచో నష్టము భరింపవలెననియు దక్షిణదేశమున పలుతావుల ఆచారముండెను. అనగా అతడు జవాబుదారియైనది తనకు గింజలు కొలిచిన ఊరికే.

నగరమున ఈ బాధ్యత కొత్వాలుది. కొత్వాలు శబ్దము పారసీక వ్యవహారమున మనకు వచ్చినను, దాని మూలము సంస్కృత 'కోట్టపాల' శబ్దమని భాషావేత్తలు తలంతురు. హైదరాబాదు నిర్మాణము 1591లో జరిగినది. ఇంచుమించు అదే కాలమున అబుల్ ఫజల్ రచించిన ఐనీ అక్బరీ మొగలు నగరముల కొత్వాలు విధులను వివరించినది. ఇండ్ల పట్టిక వ్రాయించుట, ప్రతి పేటకు ఒక పెద్దను నియమించుట, రాత్రి కావలి యేర్పఱచుట అందు ముఖ్యములు. దొంగను, సొత్తును పట్టలేనిచో కొత్వాలే నష్టమునకు బాధ్యుడని గూడ అందు కలదు. పదవి వేఱైనను ధర్మము తలయారిదే.

19వ శతాబ్దిలో ఈ ధర్మము మాఱినది. లండనులో రాబర్టు పీల్ 1829లో నెలకొల్పిన పోలీసు వ్యవస్థలో ప్రతి కానిస్టేబులునకు ఇన్ని వీథులని హద్దు నిర్ణయించి, వేళప్రకారము తిరుగుమని విధించిరి. ఆ హద్దే బీటు. మద్రాసు రాష్ట్రమునకు 1859లో పోలీసు చట్టము వచ్చెను. నిజాము రాజ్యమున సాలార్‌జంగు 1865లో జిలాబందీ ద్వారా పాలనను పునర్వ్యవస్థీకరించెను. నగరమున మాత్రము కొత్వాలు పేరు చిరకాలము నిలిచినది. అమీనుగా ఉద్యోగము ప్రారంభించి 1920 నుండి 1934 వఱకు ఆ పదవినలంకరించిన రాజబహద్దూర్ వెంకటరామిరెడ్డిగారిని తెలుగువారు నేటికిని 'కొత్వాలు' అనియే స్మరింతురు.

ఈ మార్పును మన భాష భద్రపఱచినది. కావలి శబ్దము 'కాచు' ధాతువునుండి పుట్టినది. పహరా, దాని తెలుగు రూపమగు పారా, మూడు గంటల కాలమును దెలుపు 'ప్రహర' శబ్దభవములు. గస్తీ శబ్దమునకు పారసీకమున తిరుగుటయే అర్థము. ఇక క్రియలను గమనింపుడు. కావలి 'కాయుదురు', పారా 'కాయుదురు'. కాని గస్తీ 'తిరుగుదురు', బీటు 'తిరుగుదురు'. కాయుటకు కర్మ కలదు: కాచినది ఏమో, ఎవరినో చెప్పవలెను. తిరుగుటకు కావలసినవి దారియు వేళయు మాత్రమే. కాచినవాడు సొత్తునకు లెక్క చెప్పెను. తిరిగినవాడు తన నడకకు లెక్క చెప్పును, అదియు పై యధికారికి.

ఇందు లాభమును కలదు. మేర గింజలు కొలువలేని పేదవాని వీథియు బీటులో చేరినది. కావలివాడు ఏ పెద్దయింటికిని లోబడనక్కఱలేదు. నష్టమును కలదు. పేటలో ఎవరెవరో ఎఱిగిన వానికి మాఱుగా, బదిలీపై వచ్చిపోవువాడు వచ్చెను. గ్రామములలో సైతము వంశపారంపర్య గ్రామాధికార వ్యవస్థ 1984లో ఆంధ్రప్రదేశమున రద్దయినది. 2019లో ఏర్పడిన సచివాలయములలో మహిళా పోలీసు పదవి కల్పింపబడుట, ఊరిలో మెలగు రక్షకుల యవసరము తీఱలేదనుటకు నిదర్శనము. హైదరాబాదున 2014లో క్రొత్త గస్తీకారులు వచ్చినవి. 'ఈ-బీటు' పేరిట కానిస్టేబులు ఏ తావునకు ఎన్నిగంటలకు చేరెనో యంత్రమే నమోదుచేయు పద్ధతియు వచ్చినది. నడకకు ఇంతకన్న నిక్కమైన సాక్ష్యముండదు. ఆ వీథివారిని అతడెఱుగునా యను ప్రశ్నకు మాత్రము యంత్రము జవాబు చెప్పజాలదు.

కావున తలవరికి 'పోలీసు' అని అర్థము చెప్పునపుడు, అతడు కాచువాడే గాని కేవలము తిరుగువాడు కాడని విద్యార్థులకు మఱియొక మాట చేర్చుట యుక్తము.