శనగ మొక్క ఎందుకు పొడుగు పెరగాలి?

శనగ మొక్క పొట్టిది, కాయలు నేలకు దగ్గరగా కాస్తాయి. కోత యంత్రం అంత కిందికి దిగితే మట్టిపెళ్లలూ లోపలికి పోతాయి. అందుకే కూలీలు చేత్తోనే కోసేవారు. ఆకుల మీది పులుపుకి చేతులు మండుతాయి, అది వేరే బాధ! కూలీలు దొరక్క ఆలస్యమైతే ఎండిన కాయలు రాలిపోతాయి.

నంద్యాల పరిశోధనా కేంద్రం శాస్త్రవేత్తలు దీనికి ఎన్‌బీఈజీ 47 అనే రకం తెచ్చారు. అది నిటారుగా పెరిగి, కాయలు కాస్త ఎత్తులో కాస్తుంది. ఇక కంబైన్ హార్వెస్టర్ కోసి, అక్కడే నూర్చేస్తుంది. రోజుల పని గంటల్లో ముగుస్తుంది.

దిగుబడి పెరక్కపోయినా కోత ఖర్చు తగ్గితే రైతుకు ఎక్కువే మిగులుతుంది. చాలామంది ఈ లెక్క మరిచి బస్తాలే లెక్కపెడతారు. అన్నట్టు, యంత్రానికీ అద్దె కట్టాలి. మరీ చిన్న చెక్కల్లో అది తిరగడమూ కష్టమే.