పేరు నడుమ ఖాళీ: పట్టిక నుండి ఆదేశమునకు

విద్యార్థుల వివరములు గల ఒక టెక్స్టు ఫైలును ఊహించుకొందము. ప్రతి పంక్తిలోను క్రమసంఖ్య, పేరు, తరగతి, మార్కుల శాతము అను నాలుగు నిలువు వరుసలు. వాటి నడుమ కోలన్ గుర్తు. 60 శాతమునకు తగ్గని వారి పేర్లను మాత్రమే ఏరి, ఒక్కొక్కరికి ఉపకారవేతన పత్రమును సిద్ధపరచు స్క్రిప్టునకు అందింపవలెను. 400 పేర్లను చేతితో టైపు చేయుట ఎవరి తరము? ఈ పనికి యూనిక్స్ సంప్రదాయములో చక్కని దారి కలదు. ఆ దారిలో ఒక గుంటయు కలదు. మా విద్యార్థులలో పెక్కుమంది పేర్లు ఆ గుంటలో పడునవే గనుక దానిని గూర్చియే ఎక్కువగా వ్రాయదలచితిమి.

ఒక ప్రోగ్రాము ఇచ్చిన ఫలితము మరొక ప్రోగ్రాములోనికి నేరుగా ప్రవహింపవలెనను ఊహ బెల్ ప్రయోగశాలలోని డగ్లస్ మెక్‌ఇల్రాయ్‌ది. తోటకు నీరు పెట్టు గొట్టములను ఒకదానికొకటి బిగించినట్లు ప్రోగ్రాములను బిగింపవలెనని ఆయన 1964లోనే వ్రాసినారు. 1973లో కెన్ థాంప్సన్ దానిని యూనిక్స్‌లో అమలుపరచినారు. ఆ ‘పైపు’కు గుర్తుగా నేడు నిలువు గీతను వాడుచున్నాము. ఇక వరుసలను ఏరుటకు ‘ఆక్’ ఉన్నది. 1977లో దానిని రచించిన ఆహో, వైన్‌బర్గర్, కెర్నిగన్‌ల ఇంటిపేర్ల తొలి అక్షరములే దాని పేరు. విభజన గుర్తు కోలన్ అని తెలిపి, నాలుగవ వరుస 60కి తగ్గనిచో రెండవ వరుసను ముద్రింపుమనిన చాలును.

ఆక్ ఆ పేర్లను ప్రవాహముగా ఇచ్చును. స్క్రిప్టు మాత్రము వాటిని ఆదేశము వెనుక వచ్చు ఆర్గ్యుమెంట్లుగా కోరును. ఈ ఇద్దరి నడుమ మధ్యవర్తి ‘ఎక్స్‌ఆర్గ్స్’. చిక్కు ఇచ్చటనే. దాని దృష్టిలో ఖాళీ వచ్చిన చోటెల్ల ఒక ఆర్గ్యుమెంటు ముగిసినట్లే. ‘షేక్ మహబూబ్ బాషా’ అను పేరు మూడు ముక్కలగును. షేక్‌కు ఒక పత్రము, మహబూబ్‌కు ఒకటి, బాషాకు మరొకటి వెలువడును. ఆ ముగ్గురిలో ఒక్కరును కళాశాలలో లేరు. అర్హుడైన విద్యార్థికి పత్రమే లేదు. ‘కొండవీటి వెంకట సుబ్బారావు’ గతియు ఇంతే. ‘డి'సౌజా’ వంటి పేరులోని కొటేషన్ గుర్తు దానికి జత దొరకలేదని ఎక్స్‌ఆర్గ్స్‌ను మధ్యలోనే నిలిపివేయును. ‘రాము’ వంటి ఒంటి పేర్లతో పరీక్షించి తృప్తిపడువారికి ఇవేవియు కనబడవు.

గ్నూ ఎక్స్‌ఆర్గ్స్‌లో దీనికి మందు కలదు. హైఫన్, చిన్న ‘డి’ వ్రాసి, పంక్తి చివరనే ఎల్లగా గ్రహింపుమని చెప్పవచ్చును. అప్పుడు పంక్తి యంతయు ఒకే ఆర్గ్యుమెంటగును. కొటేషన్ గుర్తులును మామూలు అక్షరములే యగును. పేరుతో పాటు తరగతిని కూడ పంపవలసినచో, షెల్‌లోని ‘రీడ్’తో ఒక్కొక్క పంక్తిని చదివి, కోలన్ వద్ద విడదీసి, వేర్వేరు చరరాశులలో నింపుట మేలు. విభజనకు ట్యాబుకంటె కోలన్‌నే మేము ఇష్టపడుదుము. రెండు ట్యాబులు ప్రక్కప్రక్కన వచ్చినచో షెల్ వాటిని ఒక్కటిగానే చూచును. తరగతి వ్రాయని విద్యార్థి మార్కులు తరగతి గడిలోనికి జరిగిపోవును. కోలన్‌కు ఆ జబ్బు లేదు. స్క్రిప్టు లోపల కూడ డాలరు గుర్తుతో వ్రాయు చరరాశిని రెండు కొటేషన్ గుర్తుల మధ్య ఉంచవలెను. లేనిచో ఇంతదూరము చెక్కుచెదరక వచ్చిన పేరు గమ్యములో ముక్కలగును.

పేర్లు తెలుగులో ఉన్నను, ఉర్దూలో ఉన్నను పద్ధతి మారదు. కాని యూటీఎఫ్-8లో తెలుగు సంకేతము ఒక్కొక్కటి 3 బైట్లు, ఉర్దూ అక్షరము 2 బైట్లు ఆక్రమించును. కనుక వరుసలను గుర్తును బట్టి విడదీయవలెనే గాని బైట్ల లెక్కతో కోయరాదు. అక్షరమే సగములో తెగును.

అసలు స్క్రిప్టును నడపుటకు ముందు ‘ఎకో’తో సరిచూచుకొనుట పలువురి అలవాటు. ఇచ్చట అది పనికిరాదు. ఎకో మూడు ముక్కలను మరల ఖాళీలతో కలిపి ముద్రించును గనుక విరిగిన పేరును అతికినట్లే కనబడును. ‘ప్రింట్‌ఎఫ్’తో ఒక్కొక్క ఆర్గ్యుమెంటును చదరపు బ్రాకెట్లలో ఉంచి వేర్వేరు పంక్తులలో ముద్రింపవలెను. [షేక్ మహబూబ్ బాషా] అని ఒకే పంక్తి వచ్చినచో ముందుకు సాగవచ్చును. మూడు పంక్తులు వచ్చినచో పత్రముల అచ్చును ఆపి, ఎల్ల ఎక్కడ తప్పినదో వెదకవలెను.